నైనీ జైలులో మౌలానా హస్రత్ మోహానీ

ప్రతి సంవత్సరం ఈ సంచికకు ఏదో ఒక వ్యాసం ఇవ్వమని సంఘం పెద్దలు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. మేము ఉర్దూ మాధ్యమంలో చదువు చెప్పుకునేవాళ్ళం. అయినా తెలుగులోనే రాస్తున్నాము. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు అందరూ ఉన్నారు గాని, చదవగలిగిన పిల్లలు తగ్గిపోయారు. వ్యాసం రాస్తే ఇంటిల్లిపాదీ చదవాలి కదా.

ఈసారి మౌలానా హస్రత్ మోహానీ గారి జీవితం గురించి రాయాలని నిశ్చయించుకున్నాము. దీనికి ఒక చిన్న సంఘటన కారణం. కొన్నేళ్ళ క్రితం తరగతిలో మౌలానా గారి గజల్ ఒకటి చెబుతున్నాము. ఒక పక్క కవిత్వ సాధన, ఒక పక్క తిరగలి శ్రమ కలిసి నడిచిన సంగతి ఆయన చెప్పుకున్న ప్రసిద్ధమైన షేరు అందులోదే. కవిగారు జైలులో గోధుమలు విసిరారని పిల్లలకు వివరించాము. బడి వదిలాక ఒక అబ్బాయి మా వెనకే నడిచి వచ్చాడు. మౌలానా గారికి పిల్లలు ఉండేవారా, మీ నాన్న ఎక్కడ అని ఎవరైనా అడిగితే వాళ్ళు ఏమి చెప్పేవారు అని అడిగాడు.

ఆ అబ్బాయి తండ్రి అప్పటికి ఒక కేసులో శిక్షపడి దూరపు సెంట్రల్ జైలులో ఉన్నాడు. ఆ సంగతి మాకు తెలుసు. అంతకు ముందు వారమే స్కాలర్‌షిప్ దరఖాస్తులో తండ్రి వివరాల దగ్గర ఊళ్ళో లేరు అని రాయమని సలహా ఇచ్చింది కూడా మేమే. పిల్లవాడి పరువు కాపాడుతున్నామని అనుకున్నాము. అతని ప్రశ్నకు మాత్రం సరైన జవాబు చెప్పలేక, చీకటి పడుతోంది ఇంటికి పో నాయనా అని పంపించివేశాము. అప్పుడు ఇవ్వలేని జవాబు ఇప్పుడైనా ఇవ్వాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కస్బా నుంచి కాలేజీకి

మౌలానా అసలు పేరు సయ్యద్ ఫజ్లుల్ హసన్. హస్రత్ అనేది ఆయన తఖల్లుస్, అంటే కవిగా పెట్టుకున్న పేరు. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో మోహాన్ అనే కస్బా ఉంది. అక్కడ జన్మించినందువల్ల మోహానీ అయ్యారు. ఫతేపూర్‌లో హైస్కూలు చదువు ముగించి, అలీగఢ్‌లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు స్థాపించిన కాలేజీలో చేరారు. పాన్‌దాన్ చేతపట్టుకుని హాస్టలులో దిగిన ఆ పల్లెటూరి కుర్రవాడిని చూసి తోటివాళ్ళు ఖాలా అని పేరు పెట్టి ఆటపట్టించారట. కొద్దికాలానికే ఆ ఖాలా ఎంత మొండివాడో కాలేజీ అధికారులకు కూడా తెలిసివచ్చింది. ఇంగ్లీషు దొరతనాన్ని విమర్శించడంలో ఆయనకు భయం అనేది లేదు.

1903లో బి.ఏ. పూర్తి చేశారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే మాటలు కాదు. సర్కారు నౌకరీ ఇంటికి నడిచి వచ్చేది. మౌలానా దాని వైపు చూడలేదు. అదే సంవత్సరం అలీగఢ్ నుంచి ఉర్దూ-ఎ-ముఅల్లా అనే మాసపత్రికను ప్రారంభించారు. అందులో పాత ఉర్దూ కవుల దివానులు పరిష్కరించి ప్రచురించేవారు, రాజకీయాలు కూడా రాసేవారు. చాలామంది పెద్దలు మనవాళ్ళు కాంగ్రెసు దరిదాపులకు పోవద్దని చెబుతున్న కాలంలో ఆయన కాంగ్రెసులో చేరారు. అందులోనూ మితవాదుల పక్షం కాదు, లోకమాన్య తిలక్ గారి పక్షం. 1907లో సూరత్ కాంగ్రెసు రెండుగా చీలినప్పుడు తిలక్ గారి వెంటే బయటికి వచ్చారు. స్వదేశీ వ్రతం పట్టి విదేశీ బట్ట ముట్టడం మానివేశారు.

ఆయన భార్య నిషాతున్నిసా బేగం కూడా మోహాన్ వాస్తవ్యురాలే. ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ చదువుకున్న మనిషి. ఈ కథలో ఆమె పాత్ర చిన్నది కాదు. ముందు ముందు చూస్తారు.

1908 నాటి కేసు

1908లో ఉర్దూ-ఎ-ముఅల్లాలో ఈజిప్టు దేశంలో ఇంగ్లీషువాళ్ళు నడుపుతున్న విద్యా విధానాన్ని విమర్శిస్తూ ఒక వ్యాసం వెలువడింది. దాని కింద రచయిత పేరు లేదు. ఆ వ్యాసం మౌలానా రాసినది కాదు. రాసినవారి పేరు బయటపెట్టి ఉంటే ఆయన మీద భారం తగ్గి ఉండేదేమో. ఆయన పేరు చెప్పలేదు. పత్రిక నాది, కాబట్టి బాధ్యత కూడా నాదేనని నిలబడ్డారు. జూన్ నెలలో పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. ఇండియన్ పీనల్ కోడ్ 124-ఎ సెక్షను కింద, అంటే రాజద్రోహ నేరం మీద కేసు నడిచింది.

ఆయనను తీసుకుపోయే సమయానికి ఇంట్లో పసిబిడ్డ నయీమా జ్వరంతో ఉంది. బేగం సాహెబా తప్ప ఇంట్లో ఆదుకునే పెద్ద దిక్కు లేదు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. జైలుకు ఉత్తరం రాసి పంపింది. వచ్చిన కష్టాన్ని ధైర్యంగా ఎదుర్కోవాలని, ఇంటి గురించి దిగులు పడవద్దని, ఎక్కడా బలహీనత కనబరచవద్దని దాని సారాంశం. అటువంటి ఉత్తరం రాయడానికి ఎంత గుండె కావాలో, భర్తనో కొడుకునో జైలుకు పంపిన ఇల్లాలికే తెలుస్తుంది.

కోర్టువారు రెండు సంవత్సరాల కఠిన కారాగార శిక్ష, 500 రూపాయల జరిమానా విధించారు. అప్పీలులో శిక్ష ఒక సంవత్సరానికి తగ్గింది. జరిమానా కింద ఆయన ఎంతో కష్టపడి సేకరించిన పుస్తకాలను వేలం వేశారు. అందులో చేతిరాత ప్రతులు, దొరకని దివానులు ఎన్నో ఉన్నాయి. కారుచవకగా పోయాయి. పుస్తకం విలువ తెలిసినవాళ్ళకు ఇది జైలు శిక్ష కంటే తక్కువ బాధ కాదు.

తీర్పులో లేని మాట

ఇక్కడ మన పాఠకులకు ఒక సంగతి విడమరచి చెప్పాలి. కోర్టు తీర్పులో శిక్ష ఎంతకాలమో ఉంటుంది. కఠిన శిక్షా సాధారణ శిక్షా అన్నది ఉంటుంది. కఠినమంటే పని చేయించే ఖైదు, సాధారణమంటే నిర్బంధ పని లేని ఖైదు. కాని ఆ కాలాన్ని ఏ ఊరి జైలులో గడపాలన్నది ప్రభుత్వం, జైళ్ళ శాఖ నిర్ణయించే విషయం. కొద్దికాలపు శిక్షలు సబ్ జైలులోనో జిల్లా జైలులోనో గడుస్తాయి. పెద్ద శిక్షలు పడ్డవాళ్ళను సెంట్రల్ జైలుకు పంపుతారు. మనవైపు రాజమండ్రి, కడప, నెల్లూరు, విశాఖపట్నం, చంచల్‌గూడ, చర్లపల్లి అని వింటూ ఉంటాము కదా, అవన్నీ సెంట్రల్ జైళ్ళు. జడ్జీగారు చెప్పేది కాలం. ఆ కాలం ఎంత బరువుగా గడుస్తుందో తేల్చేది మాత్రం చోటు, ఆ చోటులో ఇచ్చే పని.

ఆ 1908వ సంవత్సరాన్నే చూడండి. మౌలానా అరెస్టయిన నెలలోనే బొంబాయిలో తిలక్ గారు కూడా అరెస్టయ్యారు. అదే 124-ఎ సెక్షను. ఆరేళ్ళ శిక్ష పడింది. ఆయనను సముద్రం దాటించి బర్మాలోని మాండలే జైలుకు పంపారు. అక్కడ ఆయనకు సాధారణ ఖైదు. పుస్తకాలు తెప్పించుకునే వీలు దొరికింది. గీతా రహస్యం అనే పెద్ద గ్రంథం అక్కడే రాశారు. మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారికి కూడా అదే సంవత్సరం, విజయవాడ నుంచి నడిపిన స్వరాజ్య పత్రికలో రాసినదానికి అదే నేరం మీద శిక్షపడింది. మూడేళ్ళు వెల్లూరు జైలులో మామూలు నేరస్థుల మధ్య గడపవలసి వచ్చింది. నేరం ఒకటే, సెక్షను ఒకటే, సంవత్సరం ఒకటే. ఒకరు మాండలే, ఒకరు వెల్లూరు, ఒకరు నైనీ. ముగ్గురి శిక్షలూ ఒకటేనని ఎవరైనా అనగలరా?

నైనీ జైలు

మౌలానాను మొదట అలీగఢ్ జైలులో ఉంచారు. అక్కడ ఉంటే బేగం సాహెబాకు భర్త ఉన్న ఊళ్ళోనే ఉన్నామన్న ధైర్యం ఉండేది. కాని ఆయనను అలహాబాదు పక్కన యమునకు ఆవలి ఒడ్డున ఉన్న నైనీ సెంట్రల్ జైలుకు మార్చారు. అలీగఢ్ నుంచి అలహాబాదుకు రైలు మార్గాన సుమారు 500 కిలోమీటర్లు. ఒంటరి ఆడమనిషి చేతిలో జబ్బుపడ్డ పసిబిడ్డ. ఇంట్లో పుస్తకాలు కూడా వేలంలో పోయాయి. అటువంటి మనిషికి 500 కిలోమీటర్లంటే అది దేశాంతరమే.

జైలు ద్వారం దాటాక బి.ఏ. పట్టా, సంపాదకుడు, షాయరు అన్న మాటలకు విలువ లేదు. సొంత బట్టలు తీసివేసుకుని జైలు బట్టలు ఇచ్చారు. మోకాళ్ళ పైదాకా వచ్చే జాంగియా, ఒక కుర్తా, టోపీ. పడుకోవడానికి గోనెపట్ట, కప్పుకోవడానికి కంబళి. తినడానికైనా తాగడానికైనా ఒకే ఒక ఇనప పాత్ర. ఆనాటి జైళ్ళలో యూరోపియన్ ఖైదీలకు తిండీ బట్టా వేరుగా, మెరుగుగా ఉండేవి. హత్య చేసివచ్చినా తెల్లవాడైతే మంచి రొట్టె దొరికేది. పత్రికలో ఒక వ్యాసం అచ్చువేసిన ఈ దేశస్థుడికి ఆ భాగ్యం లేదు. రాజకీయ ఖైదీ అనే మాటను చట్టం అప్పటికి గుర్తించలేదు.

ఆయనకు ఇచ్చిన పని తిరగలి విసరడం. రోజుకు ఒక మణుగు గోధుమలు. మణుగు అంటే మనవైపు పాత లెక్క ప్రకారం పదకొండు, పన్నెండు కిలోలు అనుకునేరు. అది ఉత్తరాది మణుగు, సుమారు 37 కిలోలు. మన పెద్దమ్మలను, నాయనమ్మలను అడగండి. రెండు శేర్ల పిండి విసిరితేనే రెక్కలు పడిపోయేవని చెబుతారు. కలం తప్ప మరొకటి పట్టి ఎరుగని చేతులతో, పొట్టిగా బక్కపలచగా ఉండే మనిషి, రోజుకు అంత విసరాలి. అరచేతులు బొబ్బలెక్కక ఏమవుతాయి?

ఆ చోటులో ఆయన చేసిన పని ఏమిటో చూడండి. రాసుకోవడానికి కాగితం లేదు, కలం లేదు. తిరగలి తిరుగుతూ ఉంటే మనసులోనే షేర్లు అల్లుకునేవారు. వల్లె వేసుకుంటూ గుర్తుపెట్టుకునేవారు. ఉర్దూ గజల్ ప్రపంచంలో మృదువైన ప్రేమ కవిత్వానికి పేరుపడిన కవి ఆయన. ఆ మృదుత్వం తిరగలి రాళ్ళ మధ్య నలిగిపోలేదు. ఆ సంవత్సరం రంజాన్ నెల సెప్టెంబరు చివర మొదలైంది. సహరీకి, ఇఫ్తారుకు తగిన ఏర్పాటు ఏమీ లేకుండానే రోజాలు ఉన్నారు. ఈద్ కూడా ఆ గోడల లోపలే గడిచింది. ఈ సంగతులు కూడా ఆయన షేర్లలోకి ఎక్కాయి. ఆయన పక్కన కూర్చుని విసిరినవాళ్ళు దొంగతనానికో దోపిడీకో వచ్చినవాళ్ళు. నేను వేరు, వీళ్ళు వేరు అని ఆయన తిరగలి వదిలి లేవలేదు.

1909లో విడుదలయ్యారు. బయటికి వచ్చాక చాలామంది జైలు సంగతి మరచిపోవాలని చూస్తారు, నలుగురికీ చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. మౌలానా అలా చేయలేదు. ఉర్దూ-ఎ-ముఅల్లా మళ్ళీ ప్రారంభించి, జైలులో చూసినదంతా ముషాహదాత్-ఎ-జిందాన్ పేరుతో అందులోనే వరుసగా ప్రచురించారు. చెరసాలలో కళ్ళారా చూసినవి అని దాని అర్థం. బట్టలు, తిండి, పని అన్నీ దాచకుండా రాశారు. ఎక్కడికి వెళ్ళి వచ్చావని అడిగినవాళ్ళకు ఆయన జవాబు ఒక పుస్తకమయింది.

మళ్ళీ మళ్ళీ జైలు

తరువాత ఆయన జీవితం తేలికపడిందని అనుకోవద్దు. 1913లో ప్రెస్ చట్టం కింద ప్రభుత్వం పెద్ద మొత్తంలో జామీను అడిగింది. కట్టలేక పత్రిక ఆగిపోయింది. కాని ఆయన ఆగలేదు. అలీగఢ్‌లో స్వదేశీ బట్టల దుకాణం పెట్టారు. బి.ఏ. చదివిన మౌలానా, దివానులు పరిష్కరించిన పండితుడు, గజం బద్ద పట్టుకుని బట్ట కొలిచి అమ్మారు. అందులో ఆయనకు ఏ నామోషీ కనిపించలేదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1916లో, లలిత్‌పూర్‌లో ప్రభుత్వ నిర్బంధంలో ఉండమని ఉత్తర్వు వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం నాకు ఒప్పుదల కాదని తిరస్కరించారు. దానికి మళ్ళీ శిక్ష. ఈసారి ఒక చోట ఉంచలేదు. ఫైజాబాదు, మీరట్ అంటూ జైలు నుంచి జైలుకు తిప్పారు. ఖైదీని ఇలా మార్చినప్పుడల్లా ఇంటివాళ్ళ పాట్లు మళ్ళీ మొదటికి వస్తాయి. ఏ ఊరికి పోవాలి, ములాఖాత్ ఏ రోజున ఇస్తారు, ఎవరిని అడగాలి అన్నీ కొత్తగా తెలుసుకోవాలి.

బేగం సాహెబా ఈ రోజుల్లో ఇంటి నాలుగు గోడల మధ్య ఉండిపోలేదు. భర్త కేసు పని, ఉత్తరప్రత్యుత్తరాలు, దుకాణం సంగతులు అన్నీ తానే చూసుకుంది. 1917 డిసెంబరులో చెన్నపట్నంలో భారత మంత్రి మాంటేగును కలుసుకున్న మహిళల బృందానికి మన హైదరాబాదులో పెరిగిన సరోజినీ నాయుడు గారు నాయకత్వం వహించారు. స్త్రీలకు ఓటు హక్కు కోరుతూ వెళ్ళిన ఆ బృందంలో బేగం హస్రత్ మోహానీ కూడా ఒకరు. భర్త జైలులో ఉన్నాడని తల వంచుకోకుండా, అంత పెద్ద మంత్రి ఎదుట సమానంగా కూర్చుని వచ్చింది. మౌలానా 1918లో విడుదలయ్యారు.

1921 డిసెంబరులో అహ్మదాబాదులో కాంగ్రెసు, ముస్లిం లీగ్ మహాసభలు రెండూ జరిగాయి. కాంగ్రెసు సభలో సంపూర్ణ స్వాతంత్ర్యమే మన ధ్యేయమని ప్రకటించాలని మౌలానా ప్రతిపాదించారు. గాంధీజీ అప్పటికి దానిని వ్యతిరేకించారు. ప్రతిపాదన వీగిపోయింది. అదే మాటను కాంగ్రెసు 1929లో లాహోరు సభలో తీర్మానించింది. ఎనిమిదేళ్ళు ముందుగా చెప్పినందుకు మౌలానాకు దక్కింది మళ్ళీ జైలే. లీగు సభకు అధ్యక్షుడుగా, కాంగ్రెసు సభలో వక్తగా చేసిన ప్రసంగాల మీద 1922లో కేసు పెట్టి రెండేళ్ళ కఠిన శిక్ష వేశారు. ప్రభుత్వం మీద యుద్ధం సాగించారన్న పెద్ద ఆరోపణను బొంబాయి హైకోర్టు కొట్టివేయడం వల్ల అంతటితో పోయింది. పూనా దగ్గర ఎరవాడ జైలులో 1924 దాకా ఉన్నారు. ఆ కాలంలో గాంధీజీ కూడా ఎరవాడలోనే శిక్ష అనుభవిస్తున్నారు. గాంధీజీది ఆరేళ్ళ సాధారణ శిక్ష, మౌలానాది రెండేళ్ళ కఠిన శిక్ష. గోడలు ఒకటే, లోపలి జీవితాలు వేరు.

ఇన్‌క్విలాబ్ జిందాబాద్ అనే నినాదాన్ని మనకు ఇచ్చినవారు మౌలానాయే అని చెబుతారు. భగత్ సింగ్ 1929లో ఢిల్లీ అసెంబ్లీలో దానిని ఎలుగెత్తి పలికాక దేశమంతా అందుకుంది. ఆ సంవత్సరమే లాహోరు జైలులో ఖైదీలను మనుషులుగా చూడాలని కోరుతూ జతీంద్రనాథ్ దాస్ 63 రోజులు నిరాహార దీక్ష చేసి సెప్టెంబరు 13న ప్రాణాలు విడిచాడు. దేశం అట్టుడికింది. 1930లో ప్రభుత్వం ఖైదీలను ఎ, బి, సి తరగతులుగా విభజించింది. అయితే ఆ విభజన ఎక్కువగా చదువు, హోదా, అలవాటుపడ్డ జీవితం చూసి చేసినది. కలిగిన ఇంటివాడికి పై తరగతి, కూలివాడికి సి తరగతి. ఆ ఏడాదే జవాహర్‌లాల్ నెహ్రూ గారు మౌలానా గోధుమలు విసిరిన ఆ నైనీ జైలులోనే ఉండి, కూతురు ఇందిరకు ప్రపంచ చరిత్ర గురించి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఆ పుస్తకం మనకు దక్కినందుకు సంతోషమే. కాని ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. 22 సంవత్సరాల ముందు అక్కడే మరొక తండ్రి చేతిలో కలం లేదు. ఆయన కూతురికి ఉత్తరాలు లేవు.

చివరి రోజులు

1925లో కాన్పూరులో జరిగిన మొదటి కమ్యూనిస్టు మహాసభకు ఆహ్వాన సంఘాధ్యక్షుడు మౌలానాయే. అయిదు పూటలా నమాజు చేసే మనిషి, ఎన్నోసార్లు హజ్‌కు వెళ్ళివచ్చిన హాజీ, శ్రీకృష్ణుని మీద భక్తితో కవిత్వం రాసిన షాయరు, కూలివాడి రాజ్యం కోరిన రాజకీయవాది. ఇవన్నీ ఒక మనిషిలో ఎలా ఇమిడాయని జనం ఆశ్చర్యపోయేవారు. ఆయనకు మాత్రం వాటిలో విరోధం కనిపించలేదు. 1937లో బేగం సాహెబా కన్నుమూశారు. తరువాత ఆయన రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. దేశ విభజనను ఒప్పుకోలేదు, ఇక్కడే ఉండిపోయారు. సభలో తనకు నచ్చనిదాన్ని నచ్చలేదని చెబుతూ వచ్చి, చివరకు రాజ్యాంగం మీద సంతకం కూడా చేయలేదు. రైలులో మూడో తరగతిలో ప్రయాణం, చేతిలో పాత సంచి, ఒంటి మీద మాసిన షేర్వానీ. 1951 మే 13న లక్నోలో పరమపదించారు. ఆస్తి అంటూ చెప్పుకోదగినది ఏమీ మిగల్చలేదు.

ఇప్పుడు మన సంగతి

మౌలానా కాలం నుంచి ఈనాటికి జైళ్ళ తీరులో మార్పులు రాకపోలేదు. కఠిన శిక్షలో పని చేసే ఖైదీకి న్యాయమైన కూలి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో తీర్పు చెప్పింది. కులాన్ని బట్టి ఖైదీలకు పని పంచే జైలు నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరులో కొట్టివేసింది. మౌలానాకు శిక్ష వేసిన ఆ పాత పీనల్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. అయినా కఠిన శిక్ష, సాధారణ శిక్ష అన్న తేడా కొత్త చట్టంలోనూ ఉంది. శిక్ష ఎక్కడ గడపాలో చెప్పే అధికారం ఇప్పటికీ ప్రభుత్వానిదే. ఇంటికి దగ్గర జైలుకు మార్చమని ఖైదీగాని ఇంటివాళ్ళుగాని అర్జీ పెట్టుకోవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం జైలులో ఉన్న మనిషికి ఉచితంగా వకీలు సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే చాలు. ఇది తెలియక వడ్డీకి అప్పు తెచ్చి మోసపోయిన కుటుంబాలు మన మొహల్లాలలోనే ఉన్నాయి.

మౌలానా దేశం కోసం జైలుకు వెళ్ళారు, మా తండ్రి సంగతి వేరు అని ఆ అబ్బాయి అనవచ్చు. నిజమే. అన్ని నేరాలూ ఒకటి కావు. నేరం చేసి ఒకరిని నష్టపరచినవాడు శిక్ష అనుభవించడం న్యాయం. నష్టపోయినవాళ్ళ కన్నీళ్ళను మనం తక్కువ చేయకూడదు. కాని శిక్ష వేసింది ఆ మనిషికి. అతని భార్యకు కాదు, పిల్లలకు కాదు. వాళ్ళకు ఏ కోర్టూ శిక్ష వేయలేదు. వాళ్ళకు శిక్ష వేసేది మనమే. పెళ్ళి సంబంధాల దగ్గర గుసగుసలాడి, దావత్‌లకు పిలవక, దరఖాస్తుల్లో అబద్ధం రాయించి మనమే వేస్తున్నాము. ఆ చివరి తప్పు మేము స్వయంగా చేశాము.

కాబట్టి సంఘం పెద్దల ముందు మూడు విన్నపాలు ఉంచుతున్నాము. తండ్రి జైలులో ఉన్నాడన్న కారణంతో ఏ పిల్లవాడి స్కాలర్‌షిప్పూ ఆపరాదని వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయాలి. అటువంటి ఇంటివాళ్ళు ములాఖాత్‌కు పోవడానికి ఏడాదికి ఒక్కసారైనా దారిఖర్చులు సంఘం నిధి నుంచి ఇవ్వాలి. న్యాయ సహాయానికి ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాళ్ళకు తోడుగా వెళ్ళడానికి ఇద్దరు సభ్యులను నియమించాలి. ఇందులో లక్షల ఖర్చు ఏమీ లేదు. కావలసింది కొంచెం మనసు.

ఇక ఆ అబ్బాయికి మా జవాబు. అతను ఇప్పుడు పెద్దవాడై పనిలో చేరాడు. ఈ సంచిక అతని ఇంటికీ చేరుతుందని మాకు తెలుసు. నాయనా, నయీమా తండ్రి నైనీ జైలులో ఉన్నాడు. ఆ మాట దాచవలసినదని ఆమె తల్లి అనుకోలేదు, బయటికి వచ్చాక తండ్రీ అనుకోలేదు. నువ్వు కూడా ఆ దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు రాసి ఉండవలసింది. ఊళ్ళో లేరు అని రాయించింది మేము. ఆ తప్పు నీది కాదు, మాది.